ఏడో బావి

హర్ త్సావ్ బావి
1992 సెప్టెంబర్ 14

దోల్గోర్ అక్కకు,

నువ్వూ, నీ మోకాళ్ళూ చలికాలం ముందటి ఈ రోజుల్ని నెమ్మదిగా గడుపుతున్నారని తలుస్తాను. నేను ఉన్నాను. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

బావుల ఆఫీసు ట్రక్కు నన్నూ నా పనిముట్ల పెట్టెనూ ఇక్కడ దించి వెనక్కి తిరిగి ఎనిమిది రోజులైంది. ఇంకా ముందుకు రావడానికి దానికి డీజిల్ లేదట. బావుల దగ్గర వేసవిలో దింపిన పీపాలున్నాయి గానీ, వాటిని ట్రక్కు కోసం ముట్టుకోవద్దని మా మేనేజరు యొందోన్ గట్టిగా చెప్పాడు. కాబట్టి ఇక నాకు ఒంటే గతి. "ఏడే బావులు కదా దమ్‌దిన్! చలి ముదిరేలోగా అన్నీ నడిపించి వచ్చెయ్. కావలసిన సామాను నీ వెనకాలే పంపిస్తా" అన్నాడు. ఏడే! ఒక్కో బావికీ మధ్య రెండు రోజుల దారి. గులకరాళ్ళు, గాలి, మళ్ళీ గులకరాళ్ళు. ఈ ఇంజన్లు బిగించినప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. కొత్త జీపులో పాటలు పాడుకుంటూ తిరిగాను. ఇప్పుడు యాభై రెండు. ఇంజన్లూ నేనూ ఒకేలా దగ్గుతున్నాం.

పని కంటే నన్ను ఎక్కువ అలసగొట్టేది చుట్టరికాలు. నువ్వు నవ్వుతావు గానీ, అతిథిగా ఉండటం కూడా ఒక ఉద్యోగమే. గుడారంలోకి వంగి వెళ్ళగానే ఉప్పు టీ. ఆ తర్వాత మీ మందలు బలంగా ఉన్నాయా, మా మందలు బలంగా ఉన్నాయా. నాకు మంద లేదని వాళ్ళకూ తెలుసు, అయినా అడుగుతారు. తర్వాత గొర్రె తోక కొవ్వు. వద్దంటే బాధపడతారు, తింటే నా కడుపు బాధపడుతుంది. ఇప్పుడున్న ఇంట్లో పదకొండు మందిమి. నా పడక ఒకప్పటి కుస్తీ వస్తాదు అయిన ఓ ముసలాయనకీ, జబ్బు చేసిన మేకకీ మధ్య. మేకే నయం, కబుర్లు చెప్పదు.

ఇక్కడి ఇంజన్ నడిచింది. రేపు రెండోదానికి.

నీ తమ్ముడు, దుమ్ములోంచి,
దమ్‌దిన్


బాయన్‌సైర్
1992 సెప్టెంబర్ 29

తమ్ముడు దమ్‌దిన్‌కు,

నీ ఉత్తరం, ఎడారి ఇళ్ళకు సరుకులు తోలే ట్రక్కు డ్రైవర్ పురేవ్ తెచ్చాడు. దాని మీద ఎంత నూనె ఉందంటే పొయ్యి దగ్గర చదవడానికి భయపడ్డాను.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. అవి రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి. కుడిది లేద్దామంటే ఎడమది కూర్చుందామంటుంది. ముప్పై ఏళ్ళు బడి హాస్టల్లో మూడొందల మందికి వండితే మరేమవుతాయి? ఇక్కడ కరెంటు రోజుకు రెండు గంటలు. రొట్టె కోసం వరసలో నిలబడటానికి పొద్దున్నే వెళ్తే, వరస కొసకు వచ్చేసరికి రొట్టె అయిపోయి కబుర్లు మిగులుతున్నాయి. పక్కింటివాళ్ళ మేక లోపలికి వచ్చి గోడ మీది క్యాలెండర్‌ని తినేసింది. పైన వేసిన తేదీ సరైనదో కాదో నా పూచీ లేదు.

ఒరేయ్, ఎడారి ఇళ్ళవాళ్ళ గురించి అలా రాయకు. తినడానికి పెట్టినవాళ్ళను వేళాకోళం చేస్తే నోరు పుండవుతుంది. అయినా నువ్వు ఎప్పుడూ ఇంతే. ఆరేళ్ళయింది నీ భార్య పోయి. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే ఆ మంచి మనిషిని టీకి పిలిచి నీ పక్కన కూర్చోబెడితే, స్టవ్ బాగుచేయాలని చెప్పి పెరట్లోంచి పారిపోయావు. నా ఇంట్లో స్టవ్వే లేదు.

తొందరగా పని ముగించుకుని రా. నీ ఇంట్లో పొయ్యి రోజూ వెలిగిస్తున్నాను, లేకపోతే గోడలు మంచు పడతాయి.

అలిగినా నీ అక్క,
దోల్గోర్


ఖోంగొర్ షండ్ బావి
1992 అక్టోబర్ 11

అక్కా,

నీ ఉత్తరం దారిలోనే అందింది. ఒంటె మీద చదివాను. నవ్వితే నడుం నొప్పి.

ఆరు బావులూ అయ్యాయి. అంటే, నాలుగు నడుస్తున్నాయి. రెండు పూర్తిగా చచ్చిపోయాయి, వాటిలోంచి తీసి వాడుకోదగ్గ సామాను కూడా లేదు. నడిచేవాటిలో నాకు నచ్చింది ఉలాన్ షోరో దగ్గరి మూడో బావి. అక్కడ ఖోర్లో అవ్వ అని ఉంది. ఎనభై దాటాయి, నోట్లో ఒకటే పన్ను, కానీ ఆ ఒక్క పన్నుతో ఊరందరినీ కరుస్తుంది. ఇంజన్ నడవగానే, "పాతికేళ్ళ కిందట నువ్వు బిగించినప్పుడు ఇంకా పెద్ద చప్పుడు చేసేది. ఇప్పుడు నీలాగే గొణుగుతోంది" అంది.

ఇప్పుడు ఏడోదాని దగ్గరున్నాను. ఆఖరిది, అన్నిటికన్నా దూరం. ఇక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే సరిహద్దు తప్ప మరేమీ లేదు. చుట్టుపక్కల ఒకటే గుడారం. షగ్దర్ అనే ముసలాయన, ఆయన కోడలు చిమ్గీ. ఆయన కొడుకు రెండు చలికాలాల కిందట తుఫానులో పోయాడు. వాళ్ళకు నలభై ఒంటెలు. ముసలాయన కళ్ళకు పొర కమ్మింది, కానీ ఒంటె దగ్గును బట్టి అది ఏ ఒంటెదో చెబుతాడు. నన్ను చూడగానే, చూడటమంటే నా వైపు తల తిప్పగానే, "వచ్చావా మేస్త్రీ! ఆలస్యమైంది. టీ చల్లారింది, బావి కూడా" అన్నాడు.

బావి నిజంగానే చల్లారింది. నలభై బారల లోతు, చేదతో తోడేది కాదు. ఇంజన్ వేసవిలోనే ఆగిపోయింది. ఒంటెలను పూటప్రయాణం దూరంలో ఒక ఉప్పునీటి ఊట దగ్గరికి తోలుకెళ్తున్నారు, అదీ రోజురోజుకూ బురదవుతోంది. మంచు పడితే ఒంటెలు మంచు తిని బతుకుతాయి. ఇప్పటిదాకా చుక్క మంచు లేదు. మూపురాలు పక్కకు వాలిపోయిన ఒంటెలు ఖాళీ తొట్టి చుట్టూ నిలబడి నన్నే చూస్తుంటాయి. ఇంతకాలం మేనేజర్లు చూశారు, పార్టీవాళ్ళు చూశారు, ఎవరి చూపుకూ నేను ఇంత బెదరలేదు.

ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్, సందులు మూసే గ్యాస్కెట్ కావాలి. యొందోన్‌కు చెప్పి పురేవ్‌తో వెంటనే పంపించు. రెండూ వస్తే నాలుగు రోజుల పని. ఆ తర్వాత ఇంటికి.

దమ్‌దిన్


బాయన్‌సైర్
1992 అక్టోబర్ 24

తమ్ముడూ,

కూర్చుని చదువు.

నీ చీటీ పట్టుకుని బావుల ఆఫీసుకు వెళ్ళాను. తలుపుకు తాళం. పెరట్లో ఎవరివో గొర్రెలు. గోడ మీద ఆఫీసు పేరు ఉండాల్సిన చోట మేకుల గుర్తులు. కాపలా ముసలాణ్ణి అడిగితే, "ఆఫీసు లేదమ్మా. రద్దయింది. సెప్టెంబర్ ఆఖరుకే" అన్నాడు. యొందోన్ జీపు వేసుకుని, పెళ్ళాం పిల్లలతో రాజధానికి వెళ్ళిపోయాడట. పోతూ పోతూ బోర్డు కూడా ఊడదీసుకుపోయాడు. ఆ బోర్డుతో ఏం చేస్తాడో.

"మరి మా తమ్ముడు?" అని అడిగాను. "ఎవరు మీ తమ్ముడు?" అన్నాడు. ఎడారిలో బావులు బాగు చేస్తున్నాడని చెబితే, "పాపం, ఎవరూ చెప్పలేదా?" అన్నాడు. దమ్‌దిన్, నేను అక్కడ గొర్రెల మధ్య నిలబడి ఏడ్చాను. నా బతుకులో గొర్రెల ముందు ఏడవడం ఇదే మొదటిసారి.

సామాను రాదు. ఎవరూ పంపరు. నువ్వు ఎవరి మనిషివీ కావు ఇప్పుడు. పనిముట్ల పెట్టె తీసుకుని పురేవ్ ట్రక్కెక్కి వచ్చెయ్. మాంసం బాగానే ఉంది ఈ యేడు, కూరగాయలే లేవు. ఇద్దరం తిని పడుకుందాం.

నీ అక్క,
దోల్గోర్


ఖోంగొర్ షండ్
1992 నవంబర్ 8

అక్కా,

ఈ రాత నాది కాదు, కంగారు పడకు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి కలం పట్టుబడటం లేదు. నేను చెబుతుంటే చిమ్గీ రాస్తోంది. ఆమె బళ్ళో ఎనిమిదేళ్ళు చదువుకుంది, రాత ముత్యాల్లా ఉంటుంది.

పురేవ్ ఇటు వచ్చినప్పుడు నేను లేను. మూడో బావికి వెళ్ళాను. బావుల దారి చుట్టు తిరిగి వస్తుంది గానీ, అడ్డంగా పడితే అది ఇక్కడికి రెండు రోజులే. సామాను కోసం ఎదురుచూసీ చూసీ, చివరికి ఖోర్లో అవ్వ దగ్గరికి వెళ్ళి, "మీ ఇంజన్ నాజిల్, గ్యాస్కెట్ అరువివ్వండి. కొత్త సంవత్సరంలోగా ఆఫీసు కొత్తవి పంపుతుంది" అని అడిగాను. వాళ్ళ దగ్గర చేదతో తోడే పాత బావి ఒకటుంది, నీళ్ళు తాగేలా ఉంటాయి గానీ మందకు ఎక్కువ రోజులు చాలవు. అవ్వ, "ఆఫీసు మాట కాదు, నీ మాట చెప్పు" అంది. నా మాటే, నేనే తెచ్చి బిగిస్తాను అన్నాను. ఇచ్చింది.

నువ్వేమీ రాయలేదు. మోకాళ్ళ బాధ ఎక్కువైందా? ఆఫీసుకు వెళ్ళడం కుదరకపోతే పోనీలే, యొందోన్ ఎదురుపడితే మూడో బావికి కొత్త నాజిల్ తప్పక పంపమని మాత్రం చెప్పు. అది మరచిపోకు.

ఇక్కడి పని కొంచెం నెమ్మదిగా సాగుతోంది. ఇప్పట్లో రాలేను. ఈ ఉత్తరం సరిహద్దు సైనికుల బండిలో పంపుతున్నాను. నా గురించి బెంగ పడకు. ఇక్కడ తిండికీ వెచ్చదనానికీ లోటు లేదు. బాగా చూసుకుంటున్నారు.

దమ్‌దిన్


బాయన్‌సైర్
1992 నవంబర్ 17

దమ్‌దిన్,

ముత్యాల్లాంటి రాతకు సంతోషం. నాకు ముత్యాలు అక్కర్లేదు.

నేనేమీ రాయలేదా? పురేవ్‌ని ఇంటికి పిలిచి నిలదీశాను. "ఆ ఇంటి ఆడమనిషి చేతిలోనే పెట్టానక్కా, ఒట్టు. టీ కూడా పోసింది" అన్నాడు. అంటే ఉత్తరం అందింది. నువ్వు చదివావు. ఆఫీసు మూతబడిందని తెలిసి, నీకిక పని లేదని తెలిసి, 'యొందోన్ ఎదురుపడితే చెప్పు' అని నాటకం ఆడుతున్నావు. ఎవరి కోసం ఈ నాటకం? నేను చిన్నపిల్లనా?

ఊళ్ళో ఏమనుకుంటున్నారో చెప్పనా? రొట్టె వరసలోనే విన్నాను. "దమ్‌దిన్‌కు ఎడారిలో బావి దొరికిందట, తీయటి నీళ్ళట" అని. నేను నవ్వాను. నవ్వి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. ఆమెను చేసుకోవాలని ఉంటే చేసుకో. నాకేం? నేనేమైనా కాదన్నానా? నేను చూపించిన మనిషి దగ్గర్నుంచి పెరటిదారిన పారిపోయినవాడివి, ఎడారి కొసన ఇంకొకరి చేత ఉత్తరాలు రాయించుకునేంత దూరం వచ్చావు. అదైనా నీ నోటితో చెప్పి ఉంటే బాగుండేది. మొగుడు పోయిన ఆడది, కళ్ళు కనబడని మామ, ఇంజన్ బాగుచేసే మగవాడు దొరికితే వదులుతుందా? తన అవసరం తనది.

నీ ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేశాను.

దోల్గోర్


ఖోంగొర్ షండ్
1992 నవంబర్ 27

అక్కా,

ఇది నా రాతే. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఓపిక పట్టి చదువు.

నవంబర్ నాలుగున ఇంజన్ బెల్టులో నా కుడి చెయ్యి ఇరుక్కుంది. రెండు వేళ్ళు విరిగాయి. నువ్వు భయపడి, ఆ మోకాళ్ళతో ట్రక్కెక్కి వచ్చేస్తావని చెప్పలేదు. అదే నా తప్పు, అంతకుమించి నేను నీకు ఏ అబద్ధమూ చెప్పలేదు. నీ అక్టోబర్ ఉత్తరం, అదే ఆఫీసు సంగతి రాసినది, నాకు చేరనే లేదు.

పురేవ్ నీ నవంబర్ ఉత్తరం నా చేతికే ఇచ్చి ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. బావి పక్కన నిలబడి చదివాను. 'ఆఫీసు మూతబడిందని తెలిసి' అన్న మాట దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి చదివాను. గుడారంలోకి వెళ్ళాను. చిమ్గీ పిండి కలుపుతోంది.

"మా అక్క ఉత్తరం నీకిచ్చాడట పురేవ్" అన్నాను.

ఆమె చేతులు కడుక్కుని, పెట్టె తెరిచి, మడత పెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టింది. "చదివాను అన్నా. కవరు లేదు. ఆఫీసు అన్న మాట పైకే కనబడింది" అంది.

"నా ఉత్తరం రాస్తున్నప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"యొందోన్‌కు చెప్పమని నేను అంటుంటే, రాసుకుంటూ పోయావు."

"రాశాను. అక్కడ కలం ఆగింది. మీరు చూడలేదు."

ముసలాయన పడక మీదినుంచి అన్నాడు: "దాన్నేమీ అనకు మేస్త్రీ. దాచమన్నది నేను. చెబితే వెళ్ళిపోయేవాడివి."

"వెళ్ళిపోయేవాణ్ణే!"

"అందుకే చెప్పలేదు. మేం దొంగలమే. తిట్టు. కొట్టాలనిపిస్తే నన్ను కొట్టు, అది వంట చెయ్యాలి."

నేను తిట్టలేదు అక్కా. కోపం రావడానికి కూడా కొంత బలం కావాలి. గోడవైపు తిరిగి పడుకున్నాను. రెండు రోజులు లేవలేదు. పాతికేళ్ళు పనిచేసిన ఆఫీసు, ఒక మాటైనా చెప్పకుండా నన్ను ఎడారిలో వదిలి పోయింది. ఆ ఆఫీసు పేరు చెప్పి ఖోర్లో అవ్వ దగ్గర నాజిల్ ఊడదీసుకొచ్చాను. అవ్వకు నా మాటిచ్చాను. ఆ మాట ఇచ్చేనాటికే అబద్ధం, నాకు తెలియదంతే. ఆ రెండు రోజులూ చిమ్గీ పూటపూటకూ టీ, మాంసం నా తల దగ్గర పెట్టి, చల్లారాక తీసుకెళ్ళి, వేడి చేసి మళ్ళీ పెట్టింది. ఒక్కసారి కూడా బావి మాట ఎత్తలేదు.

మూడో రోజు పొద్దున ఉప్పునీటి ఊట నుంచి ఒంటెలు తిరిగొచ్చాయి. వెళ్ళినవి నలభై, వచ్చినవి ముప్పై తొమ్మిది. ఒకటి బురదలో దిగబడి లేవలేదట. ముసలాయన దగ్గుల్ని లెక్కపెడుతూ గుమ్మంలో కూర్చున్నాడు. నేను లేచి పెట్టె అందుకున్నాను. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను. పడుకోవడం కూడా విసుగొచ్చి ఉంటుంది.

నా చెయ్యి పనికిరాదు కాబట్టి బోల్టులన్నీ చిమ్గీయే బిగించింది. నేను చెప్పడం, ఆమె తిప్పడం. ఆమె ఒక్కొక్కటి బిగించాక పేరు అడిగి మళ్ళీ పైకి చెప్పుకునేది. ఇరవై అయిదో తేదీ మధ్యాహ్నం ఇంజన్ పట్టుకుంది. మొదట ఎర్రనీళ్ళు, తర్వాత ఇసుక, తర్వాత నీళ్ళు. ఒంటెలు తాగుతూనే ఉన్నాయి. షగ్దర్ తొట్టి అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నాకు ఏ సంతోషమూ కలగలేదు, నిద్ర వచ్చింది.

నువ్వు రాసిన ఆ మాటలు నిజం కావు. ఆమె నన్ను పట్టుకోలేదు, ఉత్తరాన్ని పట్టుకుంది. నేనూ ఆమెను ఇంకా క్షమించలేదు. ఉత్తరాన్ని దాచడమూ మనిషిని పట్టుకోవడమూ ఒకటి కావని నువ్వు ఒప్పుకుంటే చాలు.

ముప్పయ్యో తేదీన తోళ్ళు తీసుకెళ్ళే ఒంటెల బిడారుతో పడమటి దారిన బయల్దేరుతున్నాను. పన్నెండు రోజుల్లో ఇంటి దగ్గరుంటాను. ఉత్తరం సైనికుల బండిలో ముందే చేరుతుందని ఆశ.

అలసిపోయిన
దమ్‌దిన్


ఖోంగొర్ షండ్
1992 డిసెంబర్ 4

ఒరేయ్ దమ్‌దిన్,

పై తేదీ, పై ఊరు చూసి ఏడుస్తున్నావో నవ్వుతున్నావో నాకు తెలియదు. నేను ఇక్కడున్నాను. నువ్వు లేవు.

పురేవ్ తిరిగొచ్చి, "మీ తమ్ముడి చేతికి ఇంత కట్టు ఉంది. మనిషి ఎండు చేపలా ఉన్నాడు. మీ ఉత్తరం రెండుసార్లు చదివి, నన్ను టీకి కూడా పిలవకుండా లోపలికి వెళ్ళిపోయాడు" అన్నాడు. అది విని నేనెలా ఉండగలను? నా రాతే నిన్ను అలా చేసిందనుకున్నాను. ఆ ఇరవై తొమ్మిదినే ట్రక్కెక్కాను. తూర్పు దారిన వచ్చాం. ఎక్కినప్పుడు నన్ను ఇద్దరు ఎత్తారు, దించడానికి నలుగురు కావాల్సి వచ్చింది. దారిలో మూడు ఇళ్ళల్లో దిగాం. మూడు చోట్లా నిన్నే అడిగారు, "మేస్త్రీ బాగున్నాడా?" అని. ఒకచోట నువ్వు మేక పక్కన పడుకుని దానితో మాట్లాడావని చెప్పారు.

ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ మనిషిని ఏమేమి అనాలో దారి పొడవునా పేర్చుకున్నాను. గుడారంలోకి దూరగానే చిమ్గీ లేచి నిలబడి, "మీరు దోల్గోర్ అక్క" అంది.

"నీకెలా తెలుసు?"

"మోకాళ్ళు పట్టుకుని వచ్చారు. పైగా మీ ఉత్తరాలు చదివాను."

"ఉత్తరాలా? రెండోది కూడానా? వాడు చూపించాడా?"

"చూపించలేదు. ఆయన పడుకున్నప్పుడు పక్కన పడి ఉంటే చదివాను. ఒకటి చదివాక రెండోది ఆగలేదు."

ఏం చేయను చెప్పు? మొగుడు పోయిన ఆడది అంటూ నేను రాసిన మాటలన్నీ ఆ మనిషి చదివింది. చదివి, నాకు ఎత్తు దిండు వేసి, కాళ్ళ కింద వెచ్చటి ఉన్ని దుప్పటి పరిచింది. పేర్చుకున్నవన్నీ కూలిపోయాయి. అయినా వదల్లేదులే. టీ తాగాక అడిగాను: "ఉత్తరం దాయడం తప్పు కాదూ?"

"తప్పే" అంది.

"మరి?"

అప్పుడు చెప్పింది. ఆమె మొగుడు తుఫానులో ఊరికే పోలేదు. చెదిరిపోయిన ఒంటెల కోసం వెళ్ళాడు. మూడో రోజు ఒంటెలన్నీ ఇంటికొచ్చాయి, అతను రాలేదు. "ఆయనకు బదులు వచ్చినవి అక్కా అవి. వాటిని దాహంతో చావనివ్వమంటారా? మీ తమ్ముడు వెళ్ళిపోతాడని తెలిస్తే ఆయన బూట్లు కూడా దాచేదాన్ని" అంది. నీకు ఇదంతా చెప్పలేదట. చెబితే జాలి చూపిస్తావని, జాలితో పనిచేసేవాడు బోల్టులు సరిగ్గా బిగించడని మామగారు అన్నాడట.

నిన్న బావి దగ్గరికి తీసుకెళ్ళింది. నన్ను ఒంటె మీద కాదు, దుప్పటిలో కూర్చోబెట్టి లాక్కెళ్ళారనుకో. ఆమే ఇంజన్ వేసింది. రెండుసార్లు పట్టుకోలేదు. మూడోసారి నిన్నేదో తిట్టింది, పట్టుకుంది. నీ వేళ్ళు ఇక వంగవని కూడా ఆమే చెప్పింది. అది నాకు రాయకుండా దాచావు చూడు, దాని గురించి నేను వేరేగా మాట్లాడతాను.

పురేవ్ రేపు తిరిగి వెళ్తున్నాడు. రమ్మన్నాడు. నేను వెళ్ళడం లేదు. నా మోకాళ్ళు ట్రక్కులో మూడు రోజుల తర్వాత వంగడమే మానేశాయి. అదీగాక ముసలాయనకు దగ్గు పట్టుకుంది, చిమ్గీ ఒంటెలతో బయట ఉంటే ఆయనకు టీ పోసేవాళ్ళు లేరు. ముగ్గురికే వండటం నాకు చేతకావడం లేదు, రోజూ పదిమందికి సరిపడా అవుతోంది. దారినపోయే సైనికులు తింటున్నారు.

నేను ఆమెకు సారీ చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నిన్న ఆమె జడ వేశాను. అర్థం చేసుకుందనుకుంటాను.

మన ఇళ్ళ తాళాలు రెండూ పక్కింట్లో ఉన్నాయి. పొయ్యి వెలిగించుకో.

నీ అక్క,
దోల్గోర్


బాయన్‌సైర్
1992 డిసెంబర్ 15

అక్కా,

ఇంటికి వచ్చాను. నీ తలుపు సందులో నా ఉత్తరమే నాకు ఎదురైంది. పురేవ్ నీది తెచ్చి ఇచ్చాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నవ్వలేదు, ఏడవలేదు. పొయ్యి వెలిగించి దాని ముందు కూర్చున్నాను.

ఇల్లు చేరితే హాయిగా నిద్రపడుతుందనుకున్నాను. మూడు రోజులుగా పడటం లేదు. ఇక్కడ టీ పోసి నా మందలు బలంగా ఉన్నాయా అని అడిగేవాళ్ళు లేరు. టెలిఫోన్ ఆఫీసు ఆమె వచ్చి చెయ్యి చూసి వెళ్ళింది. స్టవ్ లేదు కాబట్టి నేను పారిపోలేదు. మంచి మనిషే.

ఇంకా మంచు పడలేదు. అక్కడా పడలేదని పురేవ్ చెప్పాడు. ఖోర్లో అవ్వ వాళ్ళ పాత బావిలో నీళ్ళు అడుగంటాయట. "మేస్త్రీ కొత్త సంవత్సరం లోపల వస్తానన్నాడు. తొందరేం లేదు, ఇంకా రోజులున్నాయి" అందట అవ్వ. తిట్టి పంపినా బాగుండేది.

నిన్న పగలు ఆఫీసుకు వెళ్ళాను. తాళం నువ్వు చెప్పినట్టే ఉంది. పెరట్లో, గొర్రెల మధ్య, లైట్ల కోసం వాడిన పాత ఇంజన్ ఒకటి ఉంది. అదీ ఆ రకమే, నేనే బిగించాను. పెట్టె తెరిచి పని మొదలుపెట్టాను. వచ్చేపోయేవాళ్ళు గోడ మీదినుంచి చూశారు. కాపలా ముసలాడు వచ్చి, "ఏం చేస్తున్నావు?" అన్నాడు. "నాజిల్ తీస్తున్నాను" అన్నాను. "ఎవరు తీయమన్నారు?" "ఎవరూ లేరు." అతను వెళ్ళి వేడినీళ్ళ గిన్నె తెచ్చి బోల్టుల మీద పోశాడు. మూడు వేళ్ళతో పని, చాలాసేపు పట్టింది. చివరి బోల్టు అతనే తిప్పాడు.

నాజిల్, గ్యాస్కెట్ రెండూ వచ్చాయి. ఒక కాగితం మీద ఎడమ చేత్తో 'ఈ సామాను తీసుకున్నది దమ్‌దిన్. మూడో బావికి' అని రాసి తలుపుకు అంటించాను. అడగదలచినవాళ్ళు అక్కడికి వచ్చి అడుగుతారు.

నాకు వెళ్ళాలని లేదు అక్కా. నిజంగా లేదు. నడుం ఇంకా ఒంటె మీదే ఉన్నట్టుంది. పురేవ్ రేపు బయల్దేరుతున్నాడు, మూడో బావికి పూట దూరం దాకా దింపుతానన్నాడు. అక్కడి నుంచి ఒంటె చూసుకోవాలి. అవ్వకు ముందు ఆఫీసు సంగతి చెప్పాలి, ఆ తర్వాతే ఇంజన్ ముట్టుకుంటాను. ఆ ఒక్క పన్నుతో ఏం చేస్తుందో చేయనీ.

మూడో బావి నుంచి నువ్వున్న చోటుకు రెండు రోజుల దారి. అవ్వ తిట్లు తినడం అయ్యాక నీ తిట్లకు వస్తాను. చిమ్గీకి చెప్పు, ఇంజన్ వేసేటప్పుడు నన్ను తిట్టనవసరం లేదు, రెండో బోల్టు కొంచెం వదులు చేస్తే చాలు.

దమ్‌దిన్